టిఫిను, సీడెడ్, పందికొక్కు

గడివేముల చుట్టుపక్కల చేలల్లో ఎండాకాలం నడిచినవాళ్లకు ఆ నేల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఉగాది దాటేసరికి నెర్రెలు విచ్చుకుంటుంది. చేతికర్ర దోపితే మూరెడు లోతుకు దిగుతుంది. పైన ఎండిన మన్ను పొడిపొడిగా రాలి ఆ నెర్రెల్లోకే పడుతుంది. తొలకరికి నేల ఉబ్బి నెర్రె మూసుకుంటుంది, అడుగు మన్ను పైకొస్తుంది. ఒక్క వాన పడితే చాలు, కాలు చెప్పును వదిలినా మన్ను చెప్పును వదలదు. దీన్ని ఇక్కడ రేగడి అంటారు. ఆ నేల దున్నే రైతు ఇంట్లోనే ఇంగ్లీషు మీడియం పిల్లవాడు భూగోళం పాఠంలో ‘రెగర్ సాయిల్’ అని బట్టీ పడతాడు. వాడి దృష్టిలో రెగర్ అనేది ఎక్కడో సీమదేశపు శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు. నాన్న చేలో ఉన్నదీ, పుస్తకంలో ఉన్నదీ ఒకే మాటని వాడికి చెప్పినవాళ్లుండరు.

పాతవీ వింతవీ అయిన ఇంగ్లీషు మాటల పుట్టుక అనగానే మనవాళ్లు లాటిన్, గ్రీకుల దాకా పోతారు. అది తప్పేమీ కాదు. కానీ నంద్యాల బస్టాండులో నిలబడి చుట్టూ ఉన్న బోర్డులు చదివి, పక్కవాళ్ల మాటలు విన్నా అందులో సగం కథ దొరుకుతుంది. మన నేల నుంచి ఇంగ్లీషులోకి పోయిన మాటలు కొన్ని, ఇంగ్లండులో చచ్చిపోయి మన దగ్గర బతుకుతున్న మాటలు కొన్ని. ఈ రెండు రకాల మాటల గురించీ ఇప్పటిదాకా ఎవరెవరు ఏమన్నారు, అందులో ఏది నిలబడుతుంది, ఏది నిలబడదు అన్నది చూద్దాం.

ముందు పుస్తకాలు. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు నిఘంటువులు అందరికీ తెలుసు. ఆయనదే ఇంకో చిన్న పుస్తకం ఉంది, 1852లో వచ్చిన జిల్లా నిఘంటువు. కచేరీలో, కోర్టులో, రోజువారీ వ్యవహారంలో నలిగే మాటలన్నీ రోమన్ అక్షరాల్లో పెట్టి అర్థం చెప్పింది. 1855లో హెచ్.హెచ్. విల్సన్ రెవెన్యూ, న్యాయశాఖల పదకోశం వచ్చింది. 1886లో హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్‌ల ‘హాబ్సన్-జాబ్సన్’ పదకోశం. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసు మనిషి, తంజావూరులో జడ్జి. పుస్తకం అచ్చయ్యే నాటికి నాలుగేళ్ల కిందే పోయాడు. అదే 1886లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి కర్నూలు జిల్లా మాన్యువల్ వెలువడింది. తెలుగులో తొలి నవల ఏదన్న చర్చలో పేరు వినిపించే ‘శ్రీరంగరాజ చరిత్ర’ రాసింది ఈయనే. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డు పెద్ద నిఘంటువు. మొదటి భాగం 1884లో మొదలై 1928లో గాని పూర్తి కాలేదు. ఇంగ్లీషులోకి పోయిన భారతీయ పదాల మీద మన మనిషి జి. సుబ్బారావు పుస్తకం 1954లో ఆక్స్‌ఫర్డులోనే అచ్చయింది. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వచ్చింది.

వీటిలో ఎక్కువమంది చదివి ఆనందించేది హాబ్సన్-జాబ్సన్. పేరే ఒక కథ. మొహర్రం ఊరేగింపులో గుండెలు బాదుకుంటూ ‘యా హసన్, యా హుసేన్’ అంటున్న కేకలు తెల్ల సిపాయిల చెవికి హాబ్సన్ జాబ్సన్‌గా వినబడ్డాయి. పరాయి మాటను తన నోటికి తెలిసిన శబ్దాల్లోకి వంచుకోవడానికి భాషాశాస్త్రంలో ఇప్పుడు ఆ పేరే వాడుతున్నారు. సిపాయిలను చూసి మనం నవ్వనక్కర్లేదు. మన ఊళ్లలో పీర్ల పండుగనాడు గుండం చుట్టూ ‘అసైదూలా’ అని ఎగిరేవాళ్లు కూడా అదే కేకను తమ నోటికి వంచుకున్నవాళ్లే. తెల్లవాడి వంకర నిఘంటువుకు పేరైంది, మన వంకర పండుగలో మిగిలింది.

ఇక రేగడి. హాబ్సన్-జాబ్సన్‌లో హిందీ రూపం ముందు పెట్టి, పారసీకంలో ఇసుకకు ‘రేగ్’ అంటారు గనక దానికి సంబంధం ఉండొచ్చేమో అన్నారు. వెంటనే, విల్సన్ రేగడ, రేగడి అన్నవి తెలుగు మాటలుగా చూపాడని కూడా రాశారు. ఇంకొకరు సంస్కృతంలో గీతకు వాడే ‘రేఖ’తో ముడిపెట్టారు. పిడికెడు నల్లరేగడి తడిపి వేళ్ల మధ్య నలిపినవాడెవడూ దానికి ఇసుక పేరు పెట్టడు. ఇసుక లేకపోవడమే ఆ నేల గుణం. నిఘంటువు రాసినవాళ్లు మంచి పండితులే, చేలో దిగలేదంతే. కర్నూలులో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా పనిచేసిన న్యూబోల్డ్ దొర నేల మీద తిరిగి దక్షిణాది రాళ్ల గురించి, ఈ నల్లమట్టి గురించి రాశాడు. అలాంటివాళ్ల రాతల వల్లే రెగర్ అన్న మాట భూగర్భశాస్త్రంలో స్థిరపడింది. నా ఓటు తెలుగుకే.

ఒక మాట ఎవరిదని తేల్చడానికి నాకు నమ్మకమైన పద్ధతి ఒకటుంది. దాన్ని విప్పి చూడాలి. ఏ భాషలో విప్పితే రెండు ముక్కలకూ అర్థం దొరుకుతుందో ఆ మాట ఆ భాషదే. పందికొక్కు ఇందుకు మంచి సాక్షి. పంది, కొక్కు. కొక్కంటే ఎలుక. పందిలాంటి ఎలుక. ఇంగ్లీషువాళ్ల నోట్లో అది ‘బాండికూట్’ అయింది. ఇంగ్లీషులో విప్పితే ఏ ముక్కకూ అర్థం రాదు. ఇందులో తగవు లేదు, నిఘంటువులన్నీ తెలుగుకే రాసిచ్చాయి. తమాషా ఏమిటంటే పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లీషువాళ్లు అక్కడ ముక్కు పొడుగ్గా ఉన్న ఒక జంతువును చూసి దానికీ ఇదే పేరు పెట్టారు. అది ఎలుకే కాదు. కంగారూలా పిల్లలను సంచిలో మోసే జాతి. 1996లో ఆ ఆస్ట్రేలియా జంతువును హీరోగా పెట్టి ‘క్రాష్ బాండికూట్’ అనే వీడియోగేమ్ వచ్చింది. 2018లో కేరళ కుర్రాళ్లు మ్యాన్‌హోళ్లలోకి మనుషులు దిగే అవసరం లేకుండా చేసిన యంత్రానికి బాండికూట్ అని పేరు పెట్టారు. మన దగ్గర మాత్రం ఇంకా లంచగొండిని తిట్టడానికి వాడుతున్నాం. ‘పందికొక్కులా మేశాడు’ అన్న మాటలోని కసి ఏ ఇంగ్లీషు నిఘంటువుకూ ఎక్కలేదు.

ఇంకోటి పిట్ట. అవును, మామూలు పిట్టే. మద్రాసు కోటలో వైద్యుడిగా ఉన్న ఎడ్వర్డ్ బక్లీ పంపిన పక్షుల వివరాలను జేమ్స్ పెటివర్ 1713లో అచ్చువేయించాడు. అందులో మన పొన్నంగి పిట్ట ఉంది, పేరుతో సహా. తర్వాత ‘పిట్టా’ అన్నది ఒక పక్షిజాతికే శాస్త్రీయ నామమైంది. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా అడవుల్లో తిరిగే రంగురంగుల పక్షులన్నీ ఇవాళ ఇంగ్లీషులో పిట్టాలే. నల్లమల అంచు ఊళ్లలో చిన్నపిల్లకు వేలు చూపించి చెప్పే మొదటి మాటల్లో ఒకటి ప్రపంచ పక్షిశాస్త్రంలో కూర్చుంది. ఆడంబరం లేని గౌరవం ఇది, నాకు బాగా నచ్చుతుంది.

చావడి సంగతి వేరు. అది పోయి తిరిగొచ్చింది. ఊరి పంచాయతీకి, పొద్దుపోని ముసలివాళ్లకు, దారిన పోయేవాళ్లకు నీడనిచ్చే చావడి ఇంగ్లీషు రాతల్లో ‘చౌల్ట్రీ’ అయింది. మద్రాసులో కంపెనీ తొలినాటి కోర్టు పేరే చౌల్ట్రీ కోర్టు. తర్వాత ఆ మాట సత్రం అన్న అర్థంలో స్థిరపడి మళ్లీ మన దగ్గరికే వచ్చింది. తిరుపతిలో గది కోసం ‘చౌల్ట్రీ ఎక్కడ’ అని అడిగే గడివేముల మనిషికి తాను చావడిని వెతుక్కుంటున్నానని తెలియదు.

గిడ్డంగి దగ్గర మాత్రం అభిమానం కొంచెం తగ్గించుకోవాలి. ‘గోడౌన్’ ఇంగ్లీషు మాటేననీ, గిడ్డంగి దానికి పత్రికలవాళ్లు చేసిన తెలుగేననీ చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. నిఘంటువులు గోడౌన్‌కు మలయా భాషలోని గుడంగ్‌ను, దాని వెనక తెలుగు గిడ్డంగిని, తమిళ కిడంగును చూపిస్తాయి. అయితే విప్పి చూసే పరీక్ష పెడితే తమిళం గెలుస్తుంది. అక్కడ ‘కిడ’ అంటే పడివుండడం, సరుకు పడివుండే చోటు కిడంగు. మనది పక్కింటి నుంచి తెచ్చుకున్న గిన్నె అయివుండొచ్చు. ముంగిసతోనూ ఇదే చిక్కు. ఇంగ్లీషు ‘మంగూస్’కు మరాఠీ పేరు ముందు చెబుతారు, ఆ మరాఠీ మాట వెనక ద్రావిడ మూలం ఉందంటారు. మొత్తం మీద తెలుగు నుంచి నేరుగా పోయాయని బల్ల గుద్ది చెప్పదగిన మాటలు కొన్నే. గంజి, చుట్ట, కాసు లాంటివాటికి ఇంగ్లీషు రూపాలు తమిళ, మలయాళాల మీదుగా, చాలామటుకు పోర్చుగీసుల నోటి మీదుగా పోయాయి. కాసు నుంచి వచ్చిన ‘క్యాష్’ తూర్పుదేశాల చిల్లర నాణెం. మనం జేబులో పెట్టుకునే క్యాషు ఫ్రెంచి వాళ్ల డబ్బుపెట్టె నుంచి వచ్చిన వేరే మాట. ఒకేలా వినబడినంత మాత్రాన చుట్టాలు కావు.

మస్లిన్ అనే సన్నబట్ట పేరు మసూలీపట్నం నుంచే వచ్చిందని సభల్లో ఇప్పటికీ చెబుతుంటారు. ఆ పేరు ఇరాక్‌లోని మోసుల్‌ది. బందరు కలంకారీకి ఉన్న పేరు చాలు, లేనిది అంటగట్టనక్కర్లేదు.

ఉన్నది పోగొట్టుకున్న సందర్భమూ ఉంది. ఇంగ్లీషులో ‘గోల్కొండ’ అంటే తరగని సంపద అని అర్థం, నిఘంటువులో మామూలు నామవాచకంగానే ఉంది. గోల్కొండ కోటలో వజ్రాలు దొరకలేదు, అక్కడ అమ్మారంతే. తవ్వింది కృష్ణా ఒడ్డున, మన కర్నూలు వైపున. ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే రాసిన ‘రావల్కొండ’ గని మన రామళ్లకోటే అని ఆయన పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన వాలంటైన్ బాల్ తేల్చాడు. బనగానపల్లె వజ్రాల గుట్టల గురించి పాత దొరలు పేజీలకు పేజీలు రాశారు. మట్టి మోసినవాళ్ల ఊరు మరుగునపడి అమ్మిన ఊరి పేరు నిఘంటువుకెక్కింది.

బనగానపల్లె అన్నాక మామిడి రాకుండా ఉండదు. ఇంగ్లీషులో ‘మ్యాంగో’ మలయాళం మీదుగా పోర్చుగీసు ద్వారా పోయిన మాట. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండుకు మామిడిపండు చేరే దారి లేదు, ఓడలో చెడిపోతుంది. ఊరేసిన కాయే చేరేది. అందుకని అక్కడివాళ్లు మ్యాంగో అంటే ఊరగాయ అనుకున్నారు. దోసకాయనో మరో కాయనో ఊరబెట్టడాన్ని ‘మ్యాంగో చేయడం’ అన్నారు, వంట పుస్తకాల్లోనూ అలాగే రాసుకున్నారు. పండు మొహం చూడకుండా మామిడి పేరు వాడినవాళ్లను చూసి జాలిపడాలో, ఆవకాయ మహిమ తెలిసినవాళ్లని మెచ్చుకోవాలో తెలియదు.

మనుషుల పేర్లకొస్తే నవ్వు కొంచెం తగ్గుతుంది. చాలాకాలం ఇంగ్లీషులో తెలుగువాడి పేరు ‘జెంటూ’, తెలుగు భాష పేరూ జెంటూయే. పోర్చుగీసులో జెంటియో అంటే క్రైస్తవుడు కానివాడు, అన్యమతస్థుడు. 1816లో క్యాంబెల్ మన వ్యాకరణానికి తెలుగు అనే పేరు పెట్టినా, మరుసటి ఏడు విలియం బ్రౌన్ తన పుస్తకాన్ని జెంటూ వ్యాకరణమనే అన్నాడు. ఆ మాట మన విషయంలో పోయింది, అంటార్కిటికా వైపు ఉండే ఒక పెంగ్విన్ జాతికి మాత్రం మిగిలింది.

‘పొలిగార్’ కూడా ఇలాంటిదే. పాలెగాడు. పాళెం ఏలుకునేవాడు, తన బంట్లతో తన సీమను కాపలా కాసేవాడు. 1800లో థామస్ మన్రో ఇక్కడికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చేనాటికి ఎనభైమంది దాకా ఉండేవారు. కంపెనీ, వాళ్ల చేతుల్లోంచి పాళేలు లాక్కుని తవర్జీ ఇచ్చింది. తవర్జీ అంటే నెలనెలా ఇంత అని విదిలించే పింఛను. అలాంటి పాలెగాళ్ల ఇంటివాడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న అక్కడే ఉరితీశారు. ఇంగ్లీషు కాగితాల్లో పొలిగార్ అంటే కట్టు తప్పినవాడు, అణచవలసినవాడు. ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల పల్లెల్లో పాలెగాడు అంటే పాటకట్టి పాడుకునే మనిషి. మాట ఒకటే, పలికే నోటిని బట్టి బరువు మారింది.

ఇంతదాకా చూస్తే ఇంగ్లీషు మన దగ్గర ఏం తీసుకుందో తెలుస్తుంది. నేల, గిడ్డంగి, సత్రం, పంట తినే ఎలుక, శిస్తు కట్టని పాలెగాడు. కచేరీలో లెక్క రాయడానికి కావలసినవన్నీ ఉన్నాయి. చుట్టరికం లేదు. ‘అన్న’ అనే పిలుపు ఆక్స్‌ఫర్డు నిఘంటువులో అన్న అనే అర్థంతో చేరడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది. అంతకుముందు దాంట్లో ఉన్నది అణా నాణెం.

ఇప్పుడు రెండోవైపు. నంద్యాల హోటలు ముందు ‘టిఫిన్ రెడీ’ అన్న బోర్డు ఉంటుంది. లోపల పెనం పక్కన బేసిన్‌లో నానిన బొరుగులు పిండి, పుట్నాలపొడి, పచ్చిమిర్చి నూరిన ముద్ద వేసి ఉగ్గాని కలుపుతుంటారు. పక్కన వేడి మిరపకాయ బజ్జి. ఇంగ్లండులో ‘టిఫ్’ అంటే ఒక గుక్క సారాయి. 1785లో గ్రోస్ అనే ఆయన వేసిన బజారు మాటల నిఘంటువులో, భోజనం వేళ కాని వేళ తినడం తాగడాన్ని ‘టిఫింగ్’ అన్నాడు. ఆ మాట ఓడెక్కి ఇక్కడికి వచ్చి దొరల మధ్యాహ్నపు చిన్నభోజనమైంది. అక్కడ పుట్టినచోట ఆ వాడుక ఎప్పుడో పోయింది. ఇక్కడ పొద్దున ఏడింటికి ఎదురుపడ్డ మనిషిని ‘టిఫిన్ చేసినావా’ అని అడగకపోతే మర్యాద కాదు. మందు పోయి ఉగ్గాని మిగిలింది.

లారీ డ్రైవరు నోట్లో ‘స్టెప్నీ’ కూడా ఇలాంటిదే. 1904లో వేల్స్‌లోని లనెల్లీ ఊళ్లో, స్టెప్నీ వీధిలో కారుకు వేసే అదనపు చక్రం తయారుచేశారు. అప్పట్లో కార్లకు అదనపు టైరు ఉండేది కాదు. ఆ కంపెనీ పోయింది, ఇంగ్లండులో ఆ మాటా వినబడదు. ఆళ్లగడ్డ రోడ్డు మీద పంక్చరు షాపుకు వెళ్లి స్పేర్ వీల్ అనండి, ఒక క్షణం ఆలోచిస్తాడు. స్టెప్నీ అనండి, వెంటనే జాకీ తీస్తాడు.

అన్నిటికన్నా విచిత్రం ‘సీడెడ్’. 1800 అక్టోబరులో నిజాం, కంపెనీ సైన్యం ఖర్చు కింద ఈ జిల్లాలను ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. అందుకని ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’, తెలుగులో దత్తమండలాలు. వదులుకున్నవి, ఇచ్చేసినవి అని అర్థం. ఒక ప్రాంతానికి ఇంతకన్నా అవమానకరమైన పేరుండదు. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు ఆ పేరు తీసేసి రాయలసీమ అని పెట్టుకున్నారు. ఆ పేరు పెట్టింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు అని చాలాకాలం నమ్మారు. తర్వాత పాత పత్రికలు తిరగేసినవాళ్లు ఆ ఘనత అనంతపురం కాలేజీలో పంతులుగా ఉన్న చిలుకూరి నారాయణరావుదని తేల్చారు. వందేళ్లు నిండని మన పేరు పుట్టుక మీదే ఇంత పొరపాటు జరిగిందంటే, వేయేళ్ల నాటి మాటల మీద ఎవరైనా గట్టిగా చెబుతుంటే అనుమానించాల్సిందే. చిలుకూరివారు స్వయంగా భాషాచరిత్రకారుడు. తెలుగు ప్రాకృతం నుంచి పుట్టిందన్న ఆయన వాదాన్ని ఇవాళ పండితులు ఒప్పుకోరు. ఆయన పెట్టిన పేరును మాత్రం ఊరూరా ఒప్పుకున్నారు.

అయినా సీడెడ్ చావలేదు. సినిమా వ్యాపారంలో దాక్కుంది. కొత్త సినిమా వచ్చిన ప్రతిసారీ నైజాం ఎంత, సీడెడ్ ఎంత అని లెక్కలు వేస్తారు. ఇచ్చినవాడి పేరూ ఇచ్చేసిన నేల పేరూ ఇప్పటికీ ఒకే పట్టికలో పక్కపక్కన ఉంటాయి. సీడెడ్ అంటే విత్తనాల సంబంధమని అనుకునే అభిమానులను నేనే చూశాను. ఇంగ్లండులో ఒప్పందపత్రాలు చదివే లాయరుకు తప్ప పెద్దగా పనిలేని క్రియాపదం, ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు థియేటర్ల ముందు కుర్రాళ్ల నోట్లో రోజూ ఆడుతోంది. ‘పాతబడిన మాట’ అని నిఘంటువు గుర్తు వేసేటప్పుడు లండనులో మాత్రమే అడిగితే లెక్క తప్పుతుంది.

పత్తి బజారులో ‘క్యాండీ’ అన్నది అలాంటి ఇంకో మొండిమాట. ఇది చక్కెర మిఠాయి కాదు. మన ఖండి, పాత కొలత. కిలోలు వచ్చి అరవై ఏళ్లు దాటినా దూది ధర ఇప్పటికీ క్యాండీకి ఇంత అనే చెబుతారు, క్యాండీ అంటే సుమారు 356 కిలోలు. ఈ లెక్క నేర్చుకున్నవాడికి నిఘంటువు అక్కర్లేదు.

ఇంతమంది రాసినా ఇంకా జరగని పని ఒకటుంది. ఈ పుస్తకాలన్నీ కచేరీ కిటికీలోంచి చూసినవి. చేలో నిలబడి రాసినది ఒక్కటీ లేదు. బ్రౌను, విల్సను ఎక్కించిన మాటల్లో సగం మన కరణాల పాత దఫ్తరాల్లో, ఇనాం పత్రాల్లో, చెక్కబీరువా అడుగున ఉన్న దస్తావేజుల్లో తెలుగు అక్షరాల్లోనే ఉంటాయి. అవి చెదలు తింటున్నాయి. ఎవరింట్లో ఉన్నా పారేయకుండా కనీసం ఫోటోలు తీసి ఉంచండి.

నంద్యాల, గడివేముల బళ్లలో భూగోళం చెప్పే అయ్యవార్లకు ఒక మనవి. ఈసారి ‘రెగర్’ పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద దాని పక్కన రేగడి అని తెలుగులో రాయండి. పిల్లల్ని కిటికీలోంచి బయటి చేను చూడమనండి.